అప్పుడే సంబరమా?

‘ముందుంది ముసళ్ళ పండగ’ అన్న సామెతని మనవాళ్ళు ఏ సందర్భంలో బయటికి తీస్తారో ఎప్పుడైనా గమనించారా? నిజంగా కష్టంలో వున్న మనిషి దగ్గర దాన్ని ఎవరూ వాడరు. ఎవరో ఒకరు కాస్త నవ్వుతూ కనిపించాలి. పిల్లాడికి మొదటి పరీక్షలో మంచి మార్కులొచ్చాయనో, కొత్తగా కొన్న కుట్టుమిషను మీదికి మొదటిరోజే నాలుగు జాకెట్లు వచ్చాయనో చెప్పాలి. అప్పుడు ఒక పెద్దమనిషి తల పంకించి, కళ్ళజోడు సవరించుకుని, ఆ ముసళ్ళని మన ముందుకి తోలతాడు. మా నందికొండలో డ్యాం కింద కృష్ణలో అసలు సిసలు మొసళ్ళే వున్నాయి. నీళ్ళు తగ్గినప్పుడు బండల మీద కనిపిస్తాయి కూడా. అవి సైతం మమ్మల్ని ఇంత క్రమం తప్పకుండా బెదిరించవు.

ఇవాళ నేను పోట్లాడదామనే కాగితం ముందు కూర్చున్నాను. ముందే చెప్పేస్తున్నాను. పోట్లాట ఎవరితోనంటే, ఆటల కాలం మొదలై తమవాళ్ళు మొదటి మ్యాచి గెలవగానే, ‘సంతోషమే లెండి, గానీ...’ అని ఆగే జనంతో. ఆ ‘గానీ’ మీదే నా కోపమంతా. మొదటి మ్యాచి ఓడిపోయినప్పుడు ఈ మనుషులే ‘విచారమే లెండి, గానీ ఇంకా పదమూడు మ్యాచులున్నాయి కదా’ అనరెందుకో! ఓడితే ఆ రాత్రి అన్నం సహించదు. పెరుగు పుల్లగా వుందంటారు. పడక గదిలో ఫాను చప్పుడు చేస్తోందంటారు. విచారాన్ని మటుకు నిండుగా, ఏ షరతులూ లేకుండా, కంచం నాకినట్టు అనుభవిస్తారు. గెలుపు దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలితో ముట్టి చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటారు.

మా ఇంట్లో ఈ జబ్బు ఎట్లా ప్రవేశించిందో చెబుతాను. మా వారు ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా చిన్నాడు ఉద్యోగం వేటలో వున్నాడు. ఇద్దరికీ తీరిక వుంది, ఇంట్లో టీవీ వుంది, హైదరాబాదుకి సన్‌రైజర్స్ అనే జట్టు వుంది. ఇంకేం కావాలి? 2024లో ఆ జట్టు మార్చి 27న ముంబాయి మీద 277 పరుగులు కొట్టింది. ఏప్రిల్ 15న బెంగుళూరు మీద 287 కొట్టింది. ఆ రోజుల్లో మా వారి నడకే మారిపోయింది. కూరగాయలవాడి దగ్గర బేరమాడటం కూడా మానేశారు. ఆఖరికి మే 26న చెన్నైలో ఫైనలు. కలకత్తావాళ్ళ ముందు మనవాళ్ళు 113కే అందరూ అయిపోయారు. పైఏడు మళ్ళీ, 2025 మార్చి 23న, ఉప్పల్‌లో మొట్టమొదటి మ్యాచిలోనే రాజస్థాన్ మీద 286. ఇషాన్ కిషన్ 106 కొట్టి అవుటు కాకుండా నిలబడ్డాడు. మా హిల్ కాలనీలో ఆ రాత్రి టపాకాయలు కాల్చారు. ‘ఈసారి మూడొందలు ఖాయం, కప్పు కూడా ఖాయం’ అన్నాడు మా చిన్నాడు, సాక్షాత్తూ తానే కొట్టబోతున్నట్టు. ఆ తర్వాత వరసగా నాలుగు మ్యాచులు పోయాయి. చివరికి పట్టికలో ఆరోస్థానం.

అంతే, అప్పట్నించీ ఇద్దరూ వేదాంతులైపోయారు. గెలిస్తే చాలు, ‘చూద్దాం, చూద్దాం’ అంటారు. ఏం చూస్తారో నాకు తెలియదు. గెలిచిన రాత్రి సేమ్యా పాయసం చేస్తానంటే వద్దన్నారు, అపశకునమట. పోయినసారి నేను వంటింట్లో వున్నప్పుడు అవతలివాళ్ళ వికెట్టు పడిందట. అందుకని ఆట ముగిసేదాకా నేను వంటింట్లోంచి కదలకూడదని తీర్మానించారు. పాతికేళ్ళుగా అక్కడే వున్నాను, ఏటా కప్పు రాలేదేం మరి? అని అడిగితే తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సరే, మగవాళ్ళ క్రికెట్టు పిచ్చి గురించైతే నేనింత కోపంగా రాయనక్కర్లేదు. నవ్వి వూరుకునేదాన్నే. అసలు సంగతి వేరే వుంది.

మా ఎదురు క్వార్టర్లో ఒక అమ్మాయి వుంది. డిగ్రీ రెండో సంవత్సరం. ఫుట్‌బాలు ఆడుతుంది. పేరు రాయను, రాస్తే వాళ్ళ నాయనమ్మ నా మీదికి వస్తుంది. మొన్న యూనివర్సిటీ కాలేజీల మధ్య ఆటల పోటీలు మొదలైతే, ఈ పిల్ల వున్న జట్టు మొదటి మ్యాచిలో రెండు గోళ్ళకి ఒకటి తేడాతో గెలిచింది. సాయంత్రం బస్సు దిగి, భుజాన సంచీ, మోకాలికి దెబ్బ, మేజోళ్ళ నిండా ఎర్రమట్టి, వాళ్ళ ఇంటి గేటు కూడా సరిగ్గా తియ్యకుండా లోపలికి పరిగెత్తింది. నేను మా వరండాలో చిక్కుడుకాయలు వొలుస్తున్నాను. అన్నీ వినబడ్డాయి. (వినబడేట్టు కూర్చోవటం మా కాలనీలో తప్పు కాదు. క్వార్టర్లు కట్టినవాళ్ళే ఆ ఏర్పాటు చేశారు.)

‘మంచిదే గని బిడ్డా, ఇంక ఆటలున్నయి గద. గప్పుడే ఊరంత చెప్పుకోకు’ అన్నాడు తండ్రి. ఆయన చెడ్డవాడు కాదు. సన్‌రైజర్స్ 286 కొట్టిన రాత్రి మా చిన్నాడితో సమానంగా టపాకాయలు కాల్చిన మనిషి. ‘ముందుగాల ఆ కాళ్ళు కడుక్కో, దిష్టి తగుల్తది’ అంది తల్లి. ‘మోకాలు గిట్ల పగిలితె రేపు పెండ్లిసూపులకు ఎట్ల గూసుంటది’ అంది నాయనమ్మ. అయిపోయింది. పావుగంటలో ఆ ఇంట్లో గెలుపు చల్లారిపోయి, రోజూ వచ్చే కుక్కరు చప్పుడు మొదలైంది.

కాసేపటికి ఆ పిల్ల మా ఇంటికి పెరుగు తోడుకోసం వచ్చింది. గిన్నె చేతికిస్తూ ‘గెలిచారటగా!’ అన్నాను. ‘గెలిచినం అత్తమ్మా’ అని గడపలోనే నిలబడింది. ‘ఆఖరుకు బంతి గీత మీద ఉండె. గోల్‌కీపరు పడిపోయింది. నేనే అడ్డంబడి ఆపిన. ఇంట్ల ఎవ్వరు అడగలే’ అంది. ఏడవలేదు. ఏడిస్తే బావుండేదేమో. మామూలుగా, కరెంటు లేదన్నంత మామూలుగా చెప్పింది.

అక్కణ్ణించి మొదలైంది నా ఆలోచన.

ఆ మ్యాచిని అందరూ ‘మొదటిది’ అంటున్నారు. ఎవరికి మొదటిది? మగపిల్లల జట్టుకైతే అవును. ఆడపిల్లల జట్టు మైదానంలో దిగేనాటికే వాళ్ళకి డజను మ్యాచులు అయిపోయి వుంటాయి. నిక్కరు వేసుకోవటం గురించి నాయనమ్మతో ఒకటి. సాయంత్రం ఆరు దాటి ఇంటికి రావటం గురించి తండ్రితో ఒకటి. ‘చదువు పాడైపోతుందేమో’ అనే మేనమామతో ఒకటి. బూట్లకి డబ్బులడిగినప్పుడు తల్లితో ఒకటి. ఈ పిల్ల బూట్లు సీనియర్ అమ్మాయివట, ముందు గుడ్డపీలికలు కుక్కి వేసుకుంటుంది. నెలలో నాలుగు రోజుల గురించి ఎవరికీ చెప్పకుండా తనలో తాను ఆడుకునే మ్యాచి ఒకటి. ఇవన్నీ దాటుకుని పదకొండుమంది ఒక రోజున, ఒకే గంటకి, ఒకే గీత వెనక నిలబడటమే పెద్ద టోర్నమెంటు. దాని ఫైనలు ఆ అమ్మాయిలు మొన్నే గెలిచేశారు. దాన్ని పట్టుకుని ‘ఇంకా మొదలే కదా’ అంటే, లెక్క తెలియనిది ఎవరికి?

ఇక్కడ మా వారు అడ్డం తగులుతారు. (రాసేటప్పుడు వెనక నించి చదవటం ఆయన అలవాటు.) ‘అది కాదోయ్, ఆశ ఎక్కువ పెట్టుకుంటే దెబ్బ ఎక్కువ తగులుతుంది. పిల్లని ముందే కొంచెం కిందికి దించి వుంచటం మంచిది కదా’ అంటారు. వినటానికి ఎంత ప్రేమగా వుందో చూడండి! కానీ ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఆ నాలుగు మ్యాచులు వరసగా పోయిన రోజుల్లో ఎగిరి గంతులేసిన మా చిన్నాడూ, ‘నేను ముందే చెప్పానుగా’ అన్న మా పక్కింటి మేష్టారూ, ఇద్దరూ ఒకే విధంగా మొహాలు వేలాడేసుకున్నారు. మేష్టారికి బాధ ఒక్క వీసం కూడా తగ్గలేదు. తేడా అంతా మార్చి 23 రాత్రి దగ్గరే వుంది. మావాడికి ఆ రాత్రి వొకటి మిగిలింది, ఆయనకి అదీ లేదు. దాచిపెట్టుకున్న సంతోషం మీద పోస్టాఫీసువాళ్ళు వడ్డీ కట్టివ్వరు కదా! పైగా ఆ గెలుపుకి వచ్చిన రెండు పాయింట్లు, తర్వాత నాలుగు ఓడినా పట్టికలోంచి ఎవరూ చెరిపెయ్యలేదు. పట్టికకి వున్న మర్యాద మనకి లేకపోతే ఎట్లా?

‘మరి ఆ మొదటి గెలుపు చూసి కప్పు మనదే అనుకున్నాడుగా మీ సుపుత్రుడు, అది తప్పు కాదా?’ అంటారు. తప్పే. కానీ మావాడూ మేష్టారూ చేసింది ఒకే తప్పు. ఇద్దరూ ఆ గెలుపుని జాతకంలాగా చూశారు. ఒకడు మంచి జాతకం అన్నాడు, ఒకాయన నమ్మటానికి వీల్లేదన్నాడు. అది జాతకం కాదయ్యా, చేసిన పనికి ముట్టిన కూలీ అని మాత్రం ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఒకటో తారీకున జీతం చేతికొస్తే, ‘వచ్చేనెల వస్తుందో రాదో’ అని దాన్ని తిరిగి ఆఫీసులో ఇచ్చేసి వచ్చేవాణ్ణి ఎక్కడైనా చూశామా?

మొదటి మ్యాచి ముందు సంగతులు చెప్పగలదా లేదా అన్నది కావాలంటే పాత లెక్కలు తీద్దాం. మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒకాయన వుండేవారు. స్కూలు మేష్టరు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నించి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలుచుకుంది. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక గానీ మా చిన్నాడికి ఆయన పేరు తెలియలేదు, అది వేరే సంగతి. 1956లో ఆయన భారత జట్టుని మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి తీసికెళ్ళారు. అక్కడ మనవాళ్ళు ఆడిన మొదటి మ్యాచి ఆస్ట్రేలియాతోనే, వాళ్ళ గడ్డ మీదే. నాలుగు గోళ్ళకి రెండు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. తర్వాత యుగోస్లావియా చేతిలో 4–1 తేడాతో ఓడారు. కంచు పతకం కోసం ఆడితే బల్గేరియా చేతిలో 3–0. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఇవాళ మెల్బోర్న్ అనగానే ఆటల గురించి తెలిసినవాళ్ళు ఏది తలుచుకుంటారు? బల్గేరియానా? ఆ మొదటి మ్యాచినే.

అదే రహీం మేష్టారు 1962లో జకార్తా ఆసియా క్రీడలకి వెళ్తే అంతా తిరగబడింది. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా మీద 2–0 తేడాతో ఓటమి. అప్పటికే ఆయన కాన్సరుతో వున్నారు. తర్వాత థాయిలాండునీ, జపానునీ, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంనీ గెలిచి, సెప్టెంబరు 4న ఫైనల్లో నిలబడితే ఎదురుగా ఎవరు? మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా కేకలు. అయినా 2–1 తేడాతో బంగారు పతకం. ఆ జట్టులో మన సికింద్రాబాదు పిల్లాడు తులసీదాస్ బలరాం కూడా వున్నాడు. మరుసటేడు జూన్‌లో రహీం పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ బంగారం రాలేదు. ఆ పతకం చూసి ఆ రోజున ఎవరైనా ‘సంతోషమే గానీ వచ్చే ఆటల్లో చూద్దాం’ అని వాయిదా వేసుకుని వుంటే, ఆ మనిషి అరవయ్యేళ్ళు పైబడి ఇప్పటికీ కాచుకుని కూర్చోవలసిందే.

ఆడపిల్లల లెక్క కావాలా? 2025లో ప్రపంచ కప్పు క్రికెట్టు ఎక్కువగా మన దేశంలోనే జరిగింది. మన అమ్మాయిలు శ్రీలంక మీదా పాకిస్తాను మీదా మొదటి రెండూ గెలిచారు. తర్వాత వరసగా మూడు ఓడారు. అందులో రెండు మన విశాఖపట్నంలోనే. అప్పుడు వినాలి మా కాలనీ మగవాళ్ళ మాటలు! ‘ఎగిరిపడ్డరు గద మొదట్ల’ అన్నారు. ఎగిరిపడింది ఎక్కడ? ఆ రెండు గెలుపులకీ టపాకాయ ఒక్కటి పేలలేదే! తర్వాత న్యూజీలాండుని గెలిచి, సెమీఫైనల్లో ఆస్ట్రేలియా కొట్టిన 338ని దాటి, నవంబరు 2న దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల తేడాతో కప్పు పుచ్చుకున్నారు. కడప జిల్లా పిల్ల శ్రీ చరణి ఆ జట్టులో బంతులేసింది. ఆ రాత్రి మాత్రం అందరూ రోడ్డు మీదికొచ్చారు. అప్పుడు మా అత్తగారు ఒక మంచి ప్రశ్న వేశారు: ‘మొదటి రెండు గూడ గిదే పిల్లలు గద గెలిచింది, అప్పుడెందుకు రాలే?’

అదే సంవత్సరం జూన్‌లో మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్పు అర్హత పోటీల్లో మొదటి మ్యాచి మంగోలియా మీద 13–0 తేడాతో గెలిచింది. జూలై 5న థాయిలాండు గడ్డ మీద థాయిలాండునే 2–1తో ఓడించి అర్హత సంపాదించింది. నిజామాబాద్ జిల్లా తండాలోంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఆ జట్టు అమ్మాయే. ఈ మాట మా ఎదురింటి పిల్ల చెబితే నాకు తెలిసింది. వాళ్ళ నాన్నకి ఇప్పటికీ తెలియదు.

కాబట్టి మొదటి గెలుపు తర్వాత ఓడిపోవచ్చు, గెలవొచ్చు, ఓడి గెలవొచ్చు. ఏమీ చెప్పలేం. ఏమీ చెప్పలేం గనకే దాన్ని అనుమానంగా చూడటంలో అర్థం లేదంటాను.

జాగ్రత్త అసలు వద్దని కాదు నేననేది. మా ప్రాంతంలో పుట్టి ఆ మాట ఎవరూ అనలేరు. సాగర్ ఎడమ కాలువ కింద రైతుని అడగండి. పైన శ్రీశైలం గేట్లు ఎత్తారనగానే ఇక్కడ రోజూ అడుగులు లెక్కపెడతాం. నిండు మట్టం 590. అయిదు వందల ఎనభై దాటితే పాలవాడు కూడా ఆ అంకె చెప్పిగానీ పాలు పోయడు. అయినా రైతు ఆచితూచే విత్తనం కొంటాడు. 2023లో ఆగస్టు అంతా వానల్లేక సాగర్ నిండనే లేదు, ఆ యాసంగిలో ఎడమ కాలువ కింద పొలాలు ఎండాయి. 2024లో నీళ్ళు దండిగా వచ్చాయి గదా అనుకునేసరికి సెప్టెంబరు మొదట్లో కుండపోత వానకి నడిగూడెం దగ్గర కాలువకే గండి పడింది. ఆ రైతు ‘చూద్దాం’ అంటే ఆ మాటలో అప్పుంది, విత్తనముంది, కూలీలున్నారు. చూసి నిర్ణయించుకోవలసిన పని వుంది. జట్టు కోచికీ అంతే. మొదటి మ్యాచి గెలిచినా ఏ కాలు నొప్పిగా వుందో, ఎవరు అలిసిపోయారో ఆయన చూసుకోవాలి, అది ఆయన ఉద్యోగం. ఆడే పిల్లకి కూడా మర్నాడు తెల్లవారకముందే మైదానానికి పోవలసిన జాగ్రత్త వుంది, పోతోంది కూడా. మరి సోఫాలో కూర్చుని కారప్పూస తినే మా వారు దేనికోసం జాగ్రత్తపడుతున్నారు? ఆయన సంబరపడితే అవతలి బౌలరు ఇంకా గట్టిగా వేస్తాడా?

మా అత్తగారు కాపరానికొచ్చేనాటికి డ్యాం సగం లేచి వుందట. మామగారు వర్క్ ఇన్‌స్పెక్టరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ రోజున సంబరం జరిగింది కదా? డ్యాం మీద గేట్లు పెట్టటం పూర్తయింది 1974లో! అంటే ఇంకా ఏడేళ్ళ పని వుండగానే మేళతాళాలు మోగాయి. రాళ్ళు మోసిన ఆడకూలీలు ఆ రోజు కొత్త చీరెలు కట్టుకుని నీళ్ళల్లో పసుపూ కుంకుమా వేశారని అత్తగారు చెబుతారు. వాళ్ళెవరూ ‘గేట్లు పెట్టినాక చూద్దాం’ అనలేదు. అన్నట్టు, ఇదే లోయలో పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్ష్వాకుల రాజధాని వుండేది. అప్పట్లో జనం కూర్చుని ఆటలు చూసే మెట్ల రంగస్థలం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. నీళ్ళల్లో మునగకుండా దాన్ని అవతలి గట్టున అనుపు దగ్గర మళ్ళీ కట్టిపెట్టారు. నేనక్కడికి వెళ్ళినప్పుడల్లా, పైమెట్టు మీద ఒక ఇక్ష్వాకు పెద్దాయన కూర్చుని, గెలిచిన మల్లుణ్ణి చూసి పెదవి విరుస్తున్నట్టే వుంటుంది.

ఈ పెదవి విరుపుకి ఆడవాళ్ళం మనం మరీ అలవాటుపడిపోయాం. నీళ్ళోసుకుందన్న మాట అయిదోనెల దాకా ఎవరికీ చెప్పకూడదు. చంటిపిల్ల బావుందని పైకి అనకూడదు. పిల్లకి సంబంధం కుదిరినా తాంబూలాలు పుచ్చుకునేదాకా గొంతు తగ్గించే మాట్లాడాలి. గట్టిగా నవ్వితే ‘అంత నవ్వకు, ఏడుస్తావు’ అన్న మాట వినని ఆడపిల్ల మనలో వుందా? తీరా అన్ని గండాలూ గడిచి సంతోషపడే సమయం వచ్చేసరికి, వొచ్చినవాళ్ళకి వడ్డించే పని వుంటుంది. మగపిల్లాడు మొదటి మ్యాచి గెలిస్తే దిష్టి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు. మా ఎదురింటాయన ఆ 286 రాత్రి నడిరోడ్డు మీద గంతులేస్తుంటే ఎవరూ నిమ్మకాయ కొయ్యలేదు.

అసలు మనకి చేతగానిదేం కాదిది. మన బతుకమ్మనే చూడండి. తొమ్మిది రోజుల పండగ. పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెడతాం. ఆ రోజున మన దగ్గర ఎవరైనా ‘ఇంకా ఎనిమిది రోజులుంది, సద్దుల బతుకమ్మ దాకా చప్పట్లు దాచుకోండి’ అంటారా? తంగేడుపూలు మొదటిరోజు తక్కువ పచ్చగా వుంటాయా? మధ్యలో ఆరో రోజున అమ్మవారు అలుగుతుంది, ఆ రోజు పూలే పేర్చం. అలిగిన బతుకమ్మ అని దానికీ ఒక పేరు పెట్టి, పండగలో కలిపేసుకున్నాం. ఓడిపోయే రోజు కూడా లెక్కలో వుంటుందని మనకి తెలుసు. తెలిసే మొదటిరోజు కొత్తచీరె కడతాం. ఇంత తెలివైన ఏర్పాటు చేసుకున్న ఆడవాళ్ళం, ఫుట్‌బాలు దగ్గరికొచ్చేసరికి మగవాళ్ళ పెదవి విరుపు అరువు తెచ్చుకోవటమేమిటి?

నేను మర్నాడే పాయసం చేశాను. సేమ్యా కాదు, జీడిపప్పు వేసి బియ్యం పాయసం. పొద్దున్నే గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళి, ‘ఏమన్నా, మీ అమ్మాయి గెలిచిందట, కాలనీకి చెప్పనే లేదు’ అన్నాను గేటు దగ్గరే నిలబడి, కొంచెం గట్టిగానే. నాలుగు క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. ‘మొదటి ఆటనే వదినా’ అన్నాడాయన ఇబ్బందిగా. ‘అందుకే ఒక్క గిన్నె తెచ్చాను’ అన్నాను. నాయనమ్మ నన్ను కింది నించి పై దాకా చూసి, జీడిపప్పు వున్న వైపునించి ముందు తనకి వడ్డించమంది.

సాయంత్రం ఆ పిల్ల ఖాళీ గిన్నె తీసుకుని మా ఇంటికి వచ్చింది. మా వారు టీవీ కట్టెయ్యలేదు గానీ చప్పుడు తగ్గించారు. అది కూడా మా ఇంట్లో చిన్న విషయం కాదు. ‘ఆ బంతి సంగతి చెప్పు’ అన్నాను. బల్ల మీద ఉప్పుడబ్బా గోల్‌కీపరు, రెండు గ్లాసులు స్తంభాలు, నిమ్మకాయ బంతి. తను పచ్చడి సీసా. ఎట్లా వచ్చింది, ఎవరు తన్నారు, ఉప్పుడబ్బా ఎట్లా పడిపోయింది, అన్నీ జరుపుతూ చూపించింది. మా చిన్నాడు ‘ఆఫ్‌సైడ్ కాదా అది?’ అని ఏదో అనబోతే, పచ్చడి సీసాని అరంగుళం వెనక్కి జరిపి వాడి నోరు మూయించింది. గురువారం రెండో మ్యాచట, అవతలివాళ్ళు పోయినసారి గెలిచిన జట్టట. అందరికంటే దూరంగా మంచం మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్న మా అత్తగారు మాల పక్కన పెట్టి లేచి వచ్చారు. నిమ్మకాయని తీసి మళ్ళీ మొదటి చోట పెట్టారు.

‘నాకు కండ్లు ఆనలే, మల్లొక్కసారి జూపియ్యి బిడ్డా’ అన్నారు.